జర్మన్‌కి దారి ఇంగ్లీషు మీంచేనా?

(శ్రీకాకుళంలో నర్సింగు, డిప్లొమా, ఇంజినీరింగు విద్యార్థుల కోసం పెట్టిన సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని రాసింది. జర్మన్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినబడుతోందా? వినబడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి. ఈరోజు ఉచ్చారణ గురించి కూడా మాట్లాడతాను కనక ప్రతి మాటా మీ చెవిన పడాలి.

ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. జర్మన్ కష్టమా, ఇంగ్లీషు కష్టమా? అందరూ జర్మనే అంటున్నారు. సరే. ఇంగ్లీషు ఎన్నేళ్ళ నుంచి చదువుతున్నారు? ఒకటో తరగతి నుంచి లెక్కేసుకోండి. పన్నెండేళ్ళు దాటిపోయింది కదా? మరి జర్మన్? కొందరు మూడు నెలలు, కొందరు ఆరు నెలలు. పన్నెండేళ్ళు నలిగిన ఇంగ్లీషుని, ఆరు నెలల జర్మన్‌ని పక్కపక్కన నిలబెట్టి ఇది సులువు, అది కష్టం అంటున్నాం. ఆ పోలిక న్యాయమేనా? ఇంగ్లీషు మనకి ఎంత కష్టపడితే వచ్చిందో మరిచిపోయాం, అంతే.

జర్మన్ సులువని చెప్పడానికి నేను రాలేదు. అది సులువు కాదు. కానీ దాని కష్టం ఎక్కడుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఇంగ్లీషు గుమ్మంలో ఆపదు. రెండు నెలల్లో నాలుగు ముక్కలు మాట్లాడిస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ స్పెల్లింగులు, క్రియల పక్కన చేరే చిన్న మాటలు, ఎక్కడ ‘ద’ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో, ఇవన్నీ ఏళ్ళ తరబడి వదలవు. జర్మన్ దీనికి తిరగేసి ఉంటుంది. మొదటి ఆరు నెలల్లోనే లింగాలు, విభక్తులు, క్రియ స్థానం, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అది దాటితే నియమాలు నిలకడగా ఉంటాయి. నేర్చుకున్న నియమం మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది.

మనవాళ్ళకి దీనిమీద ఇంకో కష్టం కూడా ఉంది. అది మనం చేజేతులా తెచ్చుకునేది. జర్మన్‌ని ఇంగ్లీషు మీంచి నేర్చుకుంటాం. పుస్తకం ఇంగ్లీషులో, టీచరు వివరణ ఇంగ్లీషులో, బుర్రలో అనువాదం ఇంగ్లీషులో. నేను చెప్పదలుచుకున్నది ఒకటే మాట, రాసుకోండి: మాటలకి ఇంగ్లీషుని వాడుకోండి, వాక్యానికి తెలుగుని వాడుకోండి. ఎందుకో చూపిస్తాను.

వాక్యం దగ్గరే మొదలుపెడదాం. “నేను రేపు ఎనిమిది గంటలకి బస్సులో శ్రీకాకుళం వెళ్ళాలి.” దీన్ని ఇంగ్లీషులోకి మార్చాలంటే ఏం చేస్తారు? మొత్తం తిరగేస్తారు. వెళ్ళాలి ముందుకొస్తుంది, తరవాత ఊరు, తరవాత బస్సు, తరవాత టైము, చివర రేపు. ఇప్పుడు జర్మన్ వినండి. “ఇశ్ ముస్ మోర్గెన్ ఉమ్ అఖ్ట్ ఊఅ మిట్ డేమ్ బుస్ నాఖ్ శ్రీకాకుళం ఫారెన్.” ఇశ్ అంటే నేను. ముస్ అంటే తప్పనిసరి, మన ‘-ఆలి’. అది రెండో చోటికి వచ్చి కూర్చుంది. ఆ ఒక్క ముక్కా పక్కన పెట్టి మిగతాది చూడండి. మోర్గెన్, రేపు. ఉమ్ అఖ్ట్ ఊఅ, ఎనిమిది గంటలకి. మిట్ డేమ్ బుస్, బస్సులో. నాఖ్ శ్రీకాకుళం, శ్రీకాకుళానికి. ఫారెన్, వెళ్ళడం. వరస అచ్చం మన వరసే! ముందు కాలం, తరవాత ఎలాగ, తరవాత ఎక్కడికి, చివర క్రియ. తేడా ఒకటుంది. మన ‘కి’, ‘లో’ మాట వెనక అతుక్కుంటాయి, వాళ్ళవి మాట ముందు నిలబడతాయి. అంత మాత్రమే.

‘ఎందుకంటే’తో మొదలయ్యే వాక్యం చూడండి. “వైల్ ఇశ్ క్రంక్ బిన్.” వైల్ అంటే ఎందుకంటే, ఇశ్ నేను, క్రంక్ జబ్బుగా, బిన్ ఉన్నాను. క్రియ చివర ఉంది. ఇంగ్లీషు మీంచి వచ్చినవాళ్ళు “వైల్ ఇశ్ బిన్ క్రంక్” అంటారు. మాట్లాడేటప్పుడు అర్థమవుతుంది గానీ రాత పరీక్షలో తప్పే. “నాకు తెలుసు, ఆయన ఈరోజు వస్తాడని” అనాలంటే “ఇశ్ వైస్, డస్ ఏర్ హోయ్టె కొమ్ట్”. కొమ్ట్ అంటే వస్తాడు, అది చివర. చివర క్రియ పెట్టడం జర్మనీ వెళ్ళే అమెరికా కుర్రాడికి యాతన. మీకెందుకు యాతన? పుట్టినప్పటి నుంచి మీరు చేస్తున్నది అదేగా?

క్రియ రెండు ముక్కలయ్యే సంగతీ అంతే. ఆన్‌రూఫెన్ అంటే ఫోన్ చెయ్యడం. వాక్యంలోకి వస్తే “ఇశ్ రూఫె డిశ్ మోర్గెన్ ఆన్”. ‘ఆన్’ ఎక్కడో చివరికి పోయింది. హ్యోరెన్ అంటే వినడం. చివర ‘త్సూ’ వస్తే శ్రద్ధగా వినడం, చివర ‘అవుఫ్’ వస్తే ఆపెయ్యడం. వాక్యం అయ్యేదాకా అర్థం తేలదు. ఇదేం కొత్త? “నేను రేపు డ్యూటీకి” అన్నాక వస్తానా, రానా? చివరి మాట దాకా ఆగకపోతే తెలుగులోనూ తెలీదు. ఆగి వినే అలవాటు మీకుంది. జర్మన్ వినేటప్పుడు దాన్ని వదిలెయ్యకండి.

మరి తెలుగు ఎక్కడ పడేస్తుంది? మామూలు వాక్యంలో. అక్కడ క్రియ కచ్చితంగా రెండో స్థానంలో ఉండాలి. రెండో మాట అనుకోకండి, రెండో స్థానం. “హోయ్టె గేయె ఇశ్”, ఈరోజు వెళ్తున్నాను నేను. ఈరోజు మొదటి స్థానం తీసుకుంది కనక క్రియ రెండోది, నేను మూడోది. “హోయ్టె ఇశ్ గేయె” అన్నది దాదాపు ప్రతివాళ్ళూ చేసే తప్పు. మీరు రాసిన ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీసి, దాని ముందు ఒక్క ముక్కే ఉందా అని చూసుకోండి. రెండు వారాలు చేస్తే అలవాటైపోతుంది.

విభక్తులు

విభక్తులనగానే హడలిపోతారు. నిజానికి మనకున్న పెద్ద ఆస్తి ఇదే. ఇంగ్లీషులో విభక్తులు అతని, అతన్ని లాంటి కొన్ని సర్వనామాల్లోనూ, ‘యొక్క’ చెప్పే ముక్కలోనూ మిగిలాయి గానీ మిగతా చోట్ల అరిగిపోయాయి. తెలుగులో బతికే ఉన్నాయి. జర్మన్‌కి నాలుగే: కర్త, ‘ని’, ‘కి’, ‘యొక్క’.

నర్సింగు పిల్లలు ఇది బాగా వినండి. “నాకు చలేస్తోంది” అంటాం. “నేను చలిగా ఉన్నాను” అంటామా? అనం. జర్మన్‌లోనూ “మియర్ ఇస్ట్ కల్ట్”. మియర్ అంటే నాకు. “నాకు తల నొప్పి” అంటే “మియర్ టూట్ డేర్ కోప్ఫ్ వే”. నచ్చింది అన్నా “నాకు”నే. ఇంగ్లీషు మీంచి వెళ్ళినవాళ్ళు “ఇశ్ బిన్ కల్ట్” అంటారు. అంటే నేను కఠినమైన మనిషినని. ఉక్కపోస్తోంది అనబోయి “ఇశ్ బిన్ హైస్” అంటే మర్యాదగా వినిపించదు. “మియర్ ఇస్ట్ హైస్” అనాలి. సాయం చెయ్యడానికి ‘కి’ పడుతుంది, రెండు భాషల్లోనూ. అడగడానికి ‘ని’ పడుతుంది, డాక్టరుని అడుగుతాను, రెండు భాషల్లోనూ.

ఇంకో అందమైన చోటు. జర్మన్‌లో రెండు రకాలుగా పనిచేసే విభక్తి మాటలు తొమ్మిది ఉన్నాయి, ‘ఇన్’, ‘అవుఫ్’, ‘ఉంటర్’, ‘నేబెన్’ లాంటివి. ఒకే మాటకి ఒకసారి ‘కి’ విభక్తి, ఒకసారి ‘ని’ విభక్తి వస్తుంది. క్లాసులో దీన్ని చలనం, స్థితి అని ఇంగ్లీషులో గంటసేపు వివరిస్తారు. మీకు గంట అక్కర్లేదు. వంటింట్లో, వంటింట్లోకి. బల్ల మీద, బల్ల మీదకి. మంచం కింద, మంచం కిందకి. తెలుగులో చివర ‘కి’ చేరిందంటే జర్మన్‌లో ‘ని’ విభక్తి వెయ్యండి: “ఇన్ డీ క్యుహె”, వంటింట్లోకి. తెలుగులో ‘కి’ లేకపోతే జర్మన్‌లో ‘కి’ విభక్తి: “ఇన్ డేర్ క్యుహె”, వంటింట్లో. పేర్లు తారుమారుగా ఉన్నాయని కంగారుపడకండి. ‘లో’కి ఒకటి, ‘లోకి’కి ఒకటి అని పట్టుకోండి.

రెండు చోట్ల మాత్రం తెలుగు మోసం చేస్తుంది. ఒకటి, అతనికి ఫోన్ చేస్తాను అంటాం. జర్మన్‌లో అతన్ని ఫోన్ చేస్తారు, “ఇశ్ రూఫె ఈన్ ఆన్”. రెండోది ఇంకా పెద్దది. ప్రాణం లేని వస్తువుకి మనం ‘ని’ వదిలేస్తాం. బల్ల కొన్నాను అంటాం, బల్లని కొన్నాను అనం. జర్మన్ వదలదు. బల్ల పుంలింగం, డేర్ టిష్. కొన్నారంటే డేన్ టిష్ అయి తీరాలి. ఊరటేమిటంటే ‘ని’ విభక్తిలో మారేది పుంలింగం ఒక్కటే. స్త్రీలింగం, నపుంసకం, బహువచనం కర్తగా ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి.

అసలైన కష్టం

ఇప్పుడు తెలుగూ సాయం రాని, ఇంగ్లీషూ సాయం రాని చోటు. లింగం. మాట ముందు నిలబడి లింగం చెప్పే ముక్కలు మూడు: పుంలింగానికి డేర్, స్త్రీలింగానికి డీ, నపుంసకానికి డస్. ఏటీ గోల, చెంచా పుంలింగమా, ఫోర్కు స్త్రీలింగమా, కత్తి నపుంసకమా అని అడుగుతారు. అవును, డేర్ లోఫెల్, డీ గాబెల్, డస్ మెసర్. తెలుగులో లింగం మనిషిని బట్టి వస్తుంది. ఆయన వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. జర్మన్‌లో అది మాటని అంటిపెట్టుకుని ఉంటుంది. బడిలో హిందీ చదివారు కదా? కుర్సీ, మేజ్ స్త్రీలింగాలని అక్కడ ఒప్పుకున్నాం. ఇక్కడ ఇంకో లింగం పెరిగింది.

మాట చివర చూడడం నేర్చుకోండి. ‘ఉంగ్’, ‘హైట్’, ‘కైట్’, ‘షఫ్ట్’, ‘టేట్’, ‘యోన్’ అని ముగిస్తే డీ. ‘శెన్’, ‘లైన్’ అని ముగిసే ముద్దుపేర్లు డస్. అందుకే అమ్మాయి, మేట్‌శెన్, డస్ అయింది. ‘లింగ్’, ‘ఇస్ముస్’ అయితే డేర్. సోమవారం లాంటి వారాల పేర్లు, నెలలు, రుతువులు డేర్. చివర ‘ఎ’ ఉన్నవి చాలా మటుకు డీ, అన్నీ కాదు: పేరు డేర్ నామె, కన్ను డస్ అవుగె. పొడుగు మాటలకి భయపడకండి, అవి మన సమాసాలే. చివరి మాట లింగమే మొత్తానికి లింగం. క్రంకెన్‌హవుస్ ఆస్పత్రి, హవుస్ డస్ కనక అదీ డస్. క్రంకెన్‌ఫెర్జిశెరుంగ్స్‌కార్టె, ఆరోగ్య బీమా కార్డు. కార్టె డీ కనక అంతా డీ. తత్పురుష సమాసం విడదీసినట్టు చివర నుంచి విప్పండి, అర్థం వచ్చేస్తుంది.

మిగతావి బట్టీయే. వేరే దారి లేదు, ఉందని చెప్పేవాళ్ళని నమ్మకండి. బట్టీకి పద్ధతి ఉంది. మాటని ఒంటరిగా ఎప్పుడూ రాయకండి. లింగంతో, బహువచనంతో కలిపి ఒకే గుక్కలో నేర్చుకోండి: డేర్ అప్‌ఫెల్, డీ ఎప్‌ఫెల్. ఎందుకంటే బహువచనం మన ‘లు’లాగా ఒక్కటి కాదు. టిష్ టిషె అవుతుంది, కింట్ కిండర్ అవుతుంది, ఫ్రౌ ఫ్రౌయెన్ అవుతుంది, అవుటో అవుటోస్ అవుతుంది, లేరర్ లేరర్‌గానే ఉండిపోతుంది. భాషా స్థాయిల్లో మొదటిది ఏ1, ఆ పరీక్షకి దాదాపు 650 మాటలు, దాని పై మెట్టు ఏ2కి 1300, ఆ పైది బి1కి 2400. లింగం లేకుండా 650 నేర్చుకుని తరవాత చూద్దాంలే అనుకున్నవాళ్ళు ఆ 650 మళ్ళీ నేర్చుకోవాల్సి వస్తుంది.

విశేషణాలు కూడా కష్టమే. మన ‘మంచి’ ఎక్కడున్నా మంచే. వాళ్ళ గూట్ మారుతుంది: గూటె, గూటర్, గూటెన్, గూటెస్. పట్టికలన్నీ ఒకేసారి మింగకండి. ముందు డేర్, డీ, డస్ వచ్చే పట్టిక ఒక్కటే తీసుకోండి. మూడు లింగాలు, బహువచనం, నాలుగు విభక్తులు, మొత్తం 16 గళ్ళు. అందులో ఐదు గళ్ళలో చివర ‘ఎ’, మిగిలిన పదకొండింట్లో ‘ఎన్’. ఏ ఐదు? కర్తలో మూడు లింగాలూ, ‘ని’లో స్త్రీలింగం, నపుంసకం. అంతే. ఇది నోటికి వచ్చాక ‘ఐన్’, అంటే ‘ఒక’, వచ్చే పట్టికకి వెళ్ళండి.

ఇక శబ్దాలు. ఇక్కడ జర్మన్ ఇంగ్లీషు కన్నా ఎంతో నిజాయితీ గల భాష. త్రూ, దో, టఫ్, కాఫ్, ఈ నాలుగింట్లో చివర అవే అక్షరాలు, నాలుగు శబ్దాలు. జర్మన్‌లో రాసింది చదవొచ్చు. ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం ముందు, ‘ఐ’ అక్షరం వెనక వస్తే ‘ఐ’ అని పలకాలి. ఐ ముందు, ఈ వెనక వస్తే ‘ఈ’. రెండో అక్షరానికి ఇంగ్లీషులో ఏం పేరో అదే శబ్దం. హ్రస్వ దీర్ఘాలు మనకి పుట్టుకతో ఉన్నాయి: ష్టాట్ దేశం, ష్టట్ పట్నం. కానీ జంట హల్లు చూడగానే మనం ద్విత్వం పలికేస్తాం, కొమ్మెన్ అని. వద్దు. అక్కడ జంట హల్లు ముందు అచ్చు పొట్టిదని చెప్పడానికే. కొమెన్, ఒక్క మకారం.

వాళ్ళ జెడ్ అక్షరం మన ‘చాప’లో, ‘చోడి’లో ఉన్న చకారమే. త్సూక్, రైలు, తేలిగ్గా వస్తుంది. ‘ఎ’, ‘ఇ’ ముందు మాత్రం మన నాలుక ‘చెట్టు’, ‘చిలక’ చకారానికి జారిపోతుంది, పదిని చేన్ అనేస్తాం. చాపలో చకారం పట్టుకునే త్సేన్ అనండి. ‘ఇశ్’లో చివరి శబ్దానికి ‘యీ’ అని పలుకుతూ నాలుక కదపకుండా గొంతు ఆపి, గాలి మాత్రం వదలండి. అచ్చు మీద రెండు చుక్కలుంటే దాన్ని ఉమ్‌లౌట్ అంటారు. పెదాలు గుండ్రం చేసి, లోపల ‘ఈ’ పలికితే ఊ ఉమ్‌లౌట్. పెదాలు గుండ్రం చేసి ‘ఏ’ పలికితే ఓ ఉమ్‌లౌట్. ఇది నాజూకు కోసం కాదు. ముటర్ అంటే అమ్మ, ముటర్‌లో ఆ ఉకారం ఉమ్‌లౌట్ అయితే అమ్మలు.

అన్నిటికన్నా ముఖ్యం, మాట చివర అచ్చు చేర్చకండి. బస్సు, బుక్కు అన్నట్టు గూటు, ఐను అనకండి. ఐన్ వేరు, ఐనె వేరు, ఆ చివరి అచ్చే లింగం చెబుతుంది. ఏర్‌ని యేర్ అనే అలవాటూ మానాలి.

మన జిల్లావాడే గిడుగు రామమూర్తి పంతులు గారు, పుస్తకమే లేని సవర భాషని మాట్లాడేవాళ్ళ నోటి నుంచి విని నేర్చుకున్నారు. నిఘంటువు, వ్యాకరణం తరవాతే వచ్చాయి. చెవి ముందు. రోజుకి అరగంట వినండి. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె వాళ్ళు ఏ1 నుంచి బి1 దాకా ఉచితంగా కోర్సు పెట్టారు. విన్న వాక్యం ఆపి, అదే రాగంతో పైకి అనండి.

మాటలకి ఇంగ్లీషు అన్నాను కదా? రెండూ ఒకే కుటుంబం. ఇంగ్లీషు టకారం అక్కడ సకారమో త్సకారమో అవుతుంది: వాటర్ వసర్, టెన్ త్సేన్. పకారం ఫకారం అవుతుంది: షిప్ షిఫ్, ఆపిల్ అప్‌ఫెల్. డకారం టకారం అవుతుంది: డ్రింక్ ట్రింకెన్. ఇలా వందల మాటలు కలిసొస్తాయి. కొన్ని దెబ్బతీస్తాయి కూడా. బెకొమెన్ అంటే పొందడం, అవడం కాదు. వేర్ అంటే ఎవరు, వో అంటే ఎక్కడ. ఇశ్ విల్ అంటే నాకు కావాలి అని, భవిష్యత్తు కాదు. సీసా మీద గిఫ్ట్ అని ఉంటే అది విషం.

అంకెలు. నర్సులకి ఇది ప్రాణం మీది సంగతి. 58ని వాళ్ళు ఎనిమిదీ యాభై అంటారు, “అఖ్ట్ ఉంట్ ఫ్యున్ఫ్‌త్సిశ్”. ఎనిమిది వినగానే రాసేస్తే 85 అవుతుంది. మొత్తం విన్నాకే కలం కదపండి. ఫోన్ నంబరైతే ఒక్కొక్క అంకె చెప్పమనండి: “బిటె ఐన్‌త్సెల్న్”. దశాంశానికి వాళ్ళు కామా పెడతారు. 2,5 అంటే రెండున్నర. వెయ్యికి చుక్క పెడతారు, 1.000. మందు మోతాదు చదివేటప్పుడు ఇది పొరబడకూడదు. “హల్ప్ అఖ్ట్” అంటే ఏడున్నర, ఎనిమిదిన్నర కాదు. డ్యూటీకి గంట ఆలస్యం అవుతుంది.

మర్యాద మాటలు మనకి తెలిసినవే, డూ నువ్వు, జీ మీరు. కాకపోతే మన ‘మీరు’ ఇద్దరు స్నేహితులకీ సరిపోతుంది, అక్కడ సరిపోదు. స్నేహితులు ఇద్దరైతే ‘ఈయర్’. రోగితో, పెద్దలతో జీ.

ఎన్నాళ్ళు పడుతుంది? జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గ్యోటె సంస్థ లెక్కలో బి1కి 350 నుంచి 650 పాఠాలు, బి2కి 600 నుంచి 800. పాఠమంటే 45 నిమిషాలు. నర్సుగా గుర్తింపుకి మామూలుగా బి2 అడుగుతారు. 600 పాఠాలంటే 450 గంటలు. మూడు నెలల్లో బి2 అని ఎవరైనా కరపత్రం ఇస్తే భాగించి చూడండి. ఆదివారం కూడా లేకుండా రోజుకి ఐదు గంటల క్లాసు. ఇంటి దగ్గర చదివేది దానికి అదనం. అన్ని గంటలు పెడుతున్నారా అని డబ్బు కట్టేముందే అడగండి. బి1 పరీక్షలో నాలుగు భాగాలు: చదవడం 65 నిమిషాలు, వినడం 40, రాయడం 60, మాట్లాడడం 15. ప్రతి భాగంలోనూ 100కి 60 రావాలి. ఒక భాగం పోతే ఆ ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు, నాలుగూ రాయక్కర్లేదు.

ఇంక కాగితాలు తియ్యండి. రేపు మీరు చెయ్యాల్సిన పనులు ఐదు తెలుగులో రాయండి, కాలం, ఎలాగ, ఎక్కడికి, క్రియ, ఆ వరసలో. రాశాక ‘నేను’ పక్కన ‘ముస్’ పెట్టి మిగతాది కదపకుండా జర్మన్ చేద్దాం. ఎడమ వైపు ముందు వరస నుంచి మొదలుపెడదాం. చెప్పండమ్మా, మీ మొదటి వాక్యం.